చిట్టి నడుము మీది మచ్చ

చిట్టికి ఏడేండ్లు. రెండో తరగతి చదువుతోంది. వాళ్ళది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. తండ్రి సుతారి పని చేస్తాడు. తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతుంది. రాత్రి పూట సంఘం ఇంట్లో చదువు నేర్చుకుంది. బస్సు మీది బోర్డు చదువుతుంది. మందు సీసా మీది పేరు చదువుతుంది. కూడబలుక్కుని చదువుతుంది గానీ, చదువుతుంది.

చిట్టి పుట్టినప్పుడే నడుము కింద, సరిగ్గా వెన్నెముక మీద, ఒక మెత్తని ఉబ్బు ఉంది. నిమ్మకాయ అంత ఉంటుంది. దాని మీద నాలుగు పొడుగు వెంట్రుకలు. నాయనమ్మ చూసి, "ఇది లక్ష్మీదేవి మచ్చ. పిల్ల అదృష్టవంతురాలు" అంది. మచ్చకు నొప్పి లేదు. పిల్ల ఏడాదికే నడిచింది. మచ్చ సంగతి అందరూ మరిచిపోయారు.

నాలుగేండ్లకు చిట్టి పక్క తడపడం మానేసింది. ఆరేండ్లు దాటాక మళ్ళీ మొదలైంది. మొదట రాత్రి పూట. తర్వాత బడిలో కూడా. పక్కన కూర్చునే పిల్లలు దూరం జరిగారు. చిట్టి బడికి పోనని మొండికేసింది.

తల్లికి సిగ్గు వేసింది, కోపం వచ్చింది. "గింత పెద్ద పిల్లవు, సోయి లేదా?" అని రెండుసార్లు కొట్టింది. పొద్దుగూకిన తర్వాత నీళ్ళు ఇవ్వడం మానేసింది. "వాత పెడితే మానుతది" అంది నాయనమ్మ. ఆ పని మాత్రం తల్లి చేయనివ్వలేదు. తెలియక కొట్టిన తల్లి ఈమె ఒక్కతే కాదు. పక్క తడిపితే అది పిల్ల అల్లరి అని, బద్ధకం అని చాలామంది అనుకుంటారు.

ఇంకా కొన్ని మార్పులు కూడా వచ్చాయి. చిట్టి ఎడమ కాలి చెప్పు జారిపోయేది. ఆ చెప్పు ఒక పక్కనే అరిగేది. మూడు నాలుగు రోజులకు ఒకసారి గాని విరేచనం అయ్యేది కాదు. రాత్రి నడుము నొప్పి అని ఏడ్చేది. ఒకరోజు పొయ్యి పక్కన పడిన నిప్పు కణికను తొక్కింది. అరికాలు బొబ్బ ఎక్కింది. కానీ పిల్ల ఏడవలేదు. తనకు తెలియనే లేదు!

నిప్పు తొక్కి ఏడవని పిల్ల ఉంటుందా? తల్లికి అప్పుడు భయం పుట్టింది.

చెప్పు జారడానికీ, పక్క తడపడానికీ సంబంధం ఏమిటి? ఎవరికైనా వేరువేరు సంగతులు లాగానే కనిపిస్తాయి. ఆ నెలలోనే బడికి ఆరోగ్య బండి వచ్చింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఒక పథకం ఉంది. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడి పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్ష చేయాలి. డాక్టరమ్మ చిట్టిని నడిపించి చూసింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమ పిక్క సన్నగా ఉంది. తర్వాత గౌను పైకెత్తి నడుము చూసింది. తల్లికి కబురు పంపింది.

"ఈ మచ్చకూ, ఆ కాలుకూ, పక్క తడపడానికీ సంబంధం ఉన్నదమ్మా. హైదరాబాదు తీసుకపోవాలె" అంది.

జడ కుచ్చు చిక్కుకుంటే

హైదరాబాదులో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులలో మెదడు, నరాల ఆపరేషన్ల విభాగాలు ఉన్నాయి. చిట్టిని తల్లిదండ్రులు ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్ లేదు. తండ్రికి ఒక్కడికే టికెట్ తీసుకున్నారు.

అక్కడ చిట్టికి ఎమ్మారై తీశారు. ఆ యంత్రం పెద్ద గొట్టంలాగా ఉంటుంది. లోపల దడదడ చప్పుడు అవుతుంది. కదలకుండా పడుకోవాలి. అందుకని చిన్నపిల్లలకు నిద్రమందు ఇస్తారు. యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంటుంది కాబట్టి కాలి పట్టీలు, జడ పిన్నులు అన్నీ తీసేశారు.

బొమ్మ చూసి డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. టెథర్డ్ కార్డ్. అంటే వెన్నుపాము కింద అంటుకుపోయింది.

"పామా?" అని తల్లి ఉలిక్కిపడింది.

డాక్టరు నవ్వలేదు. విడమరిచి చెప్పాడు. మన వెన్నెముక లోపల గొట్టం లాంటి దారి ఉంటుంది. మెదడు నుంచి తాడు లాంటి నరాల కట్ట ఆ దారి గుండా కిందికి దిగుతుంది. దాన్నే వెన్నుపాము అంటారు. కాళ్ళు కదలాలన్నా, మూత్రం ఆపుకోవాలన్నా, నిప్పు తగిలితే తెలియాలన్నా కబురు ఆ తాడు గుండానే పోవాలి.

తర్వాత డాక్టరు చిట్టి జడ పట్టుకున్నాడు. "చూడమ్మా. జడ వీపు మీద వదులుగా వేలాడుతున్నది. పిల్ల లేచినా, వంగినా ఏమీ కాదు. అదే, జడ కుచ్చు మంచం కోడుకు చుట్టుకున్నదనుకో. పిల్ల లేస్తే ఏమైతది?"

"తల గుంజుతది. నొప్పి లేస్తది."

"అంతే. పిల్ల ఎదుగుతుంటే వెన్నెముక పొడుగు అయితది. లోపలి తాడు అంత పొడుగు కాదు. కింది కొస వదులుగా ఉంటే పైకి జరుగుతది. ఈ పిల్లకు కింద కొవ్వు గడ్డ ఉంది. కొస దానికి అంటుకున్నది. పిల్ల ఎదిగినకొద్దీ తాడు సాగుతున్నది. సాగిన నరానికి రక్తం సరిగా అందదు."

అందుకే చిన్నప్పుడు బాగానే నడిచిన పిల్లకు ఆరేండ్లు దాటాక మార్పులు వచ్చాయి. పైన మచ్చ కనిపించిన చోటే లోపల ముడి ఉంది. అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ఉబ్బు ఉండదు. వెంట్రుకల కుచ్చు గానీ, గుంట గానీ, ఎర్ర మచ్చ గానీ ఉంటుంది. అట్లా అని ప్రతి మచ్చా జబ్బు కాదు. అది డాక్టరు చూసి చెప్పాలి.

"కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కూరగాయలు కోసిన. అందుకా సారూ?" అని తల్లి అడిగింది. ఏడేండ్లుగా అత్త అంటున్న మాట అది.

"కాదమ్మా. ఇది కడుపులో మొదటి వారాల్లో వచ్చే లోపం. అప్పటికి కడుపుతో ఉన్నట్టు చాలామందికి సరిగా తెలియను కూడా తెలియదు. ఎవరి తప్పూ లేదు" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. వెన్ను మూసుకోకుండా, గాయంలాగా తెరుచుకుని పుట్టే పిల్లలు కూడా ఉంటారు. ఆ లోపాన్ని ఫోలిక్ యాసిడ్ మాత్ర చాలావరకు ఆపుతుంది. కానీ అది గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. మూడో నెలలో మొదలుపెడితే ఆ పనికి ఆలస్యమే. చిట్టికి వచ్చిన కొవ్వు గడ్డ రకాన్ని కూడా ఆ మాత్ర ఆపుతుందని అంత గట్టిగా చెప్పలేరు.

నడిచే పిల్లకు కోతనా?

ఆపరేషన్ చేయాలన్నారు. తండ్రి ఒప్పుకోలేదు.

"కుంటుకుంటనైనా నడుస్తున్నది. వెన్నెముక కోసినంక మంచం పడితే? అప్పుడెవరిని అడుగుదాం?"

ఈ మాటలో న్యాయం ఉంది. తండ్రి భయపడ్డాడని తప్పు పట్టడానికి లేదు. డాక్టరు కూడా ఏమీ దాచలేదు. చేస్తే ప్రమాదం లేకపోలేదు. కాళ్ళ బలం తగ్గవచ్చు. గాయం చీము పట్టవచ్చు. వెన్నులోని నీరు కారవచ్చు. చేయకపోతే పిల్ల ఎదిగినకొద్దీ తాడు ఇంకా సాగుతుంది. ఇప్పటికే పోయిన బలం అంతా తిరిగి రాకపోవచ్చు. నొప్పి మాత్రం చాలామందికి తగ్గుతుంది. నడక కొందరికి మెరుగవుతుంది. మూత్రం సంగతి అన్నిటికన్నా కష్టం. "ఉన్నదాన్ని నిలబెట్టడానికే ఈ ఆపరేషన్" అన్నాడు డాక్టరు.

భార్యాభర్తలు ఊరికి తిరిగి వచ్చారు. వారం రోజులు ఇంట్లో సరిగా మాటలు లేవు. ఒక పొద్దున చిట్టి బడికి పోతూ గడప దగ్గర బోర్లా పడింది. పోయిన ఏడు ఆ గడప దూకి పరుగెత్తిన పిల్ల. తండ్రి వచ్చి లేపాడు. మోకాలు తుడిచాడు. ఆ రాత్రి, "పోదాం పా" అన్నాడు.

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర రేషన్ కార్డు, ఆధార్ కార్డు చూసి కాగితాలు పంపింది. ఆరోగ్యశ్రీ కింద అనుమతి వచ్చింది. కానీ పోయిన కూలికి, బయటి తిండికి ఆరోగ్యశ్రీ రాదు. సంఘంలో అప్పు తీసుకున్నారు.

ఆపరేషన్ ముందు ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. తెలుగులోనే ఉంది. నర్సు వేలు పెట్టి సంతకం ఎక్కడో చూపించింది. "కొంచెం ఆగమ్మా" అంది తల్లి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. 'రక్తం ఎక్కించవలసి రావచ్చు' అన్న చోట ఆగి, ఎవరి రక్తం, ఎప్పుడు అని అడిగింది. నర్సు డాక్టరును పిలిచింది. ఆయన చెప్పిన తర్వాతే సంతకం పెట్టింది. పావుగంట పట్టింది.

ఆ పొద్దున చిట్టి ఆకలి అని ఏడ్చింది. నాయనమ్మ కొంగులో బిస్కెట్ దాచి తెచ్చింది. తల్లి ఆమె చేయి పట్టుకుని ఆపింది. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో తిండి ఉంటే, అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణానికే ముప్పు. ఈ సంగతి చెప్తే నాయనమ్మ తానే బిస్కెట్ పారేసి వచ్చింది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. సూక్ష్మదర్శినిలో చూస్తూ చేశారు. ఏది నరమో, ఏది కొవ్వో తెలుసుకోవడానికి సన్నని కరెంటు పెట్టి చూశారు. నరమైతే కాలు కదులుతుంది. కొవ్వు మొత్తం తీయలేదు. నరాలతో కలిసిపోయిన చోట కొంత వదిలేశారు.

తర్వాతి రోజులు

ఐదు రోజులు చిట్టిని చదునుగానే పడుకోబెట్టారు. లేచి కూర్చుంటే వెన్నులోని నీరు కుట్ల మీద బరువు పెట్టి కారవచ్చు. పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. భుజం, నడుము ఒకేసారి, మొద్దును దొర్లించినట్లు తిప్పాలి. నడుము మెలిపడకూడదు. తండ్రికి ఈ పని బాగా వచ్చింది. సుతారి చేతులు కదా.

రెండో రోజు ఎడమ పాదం అసలు పైకి లేవలేదు. తండ్రి బయటికి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. "నేను చెప్పలేదా?" అన్నాడు. తల్లి దగ్గర జవాబు లేదు. కదిలించిన నరం వాస్తుందని, కొన్ని వారాలు చూడాలని డాక్టరు చెప్పాడు. తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు. మూడు వారాల తర్వాత, ఇంట్లో, చిట్టి బొటనవేలు కదిలింది. తర్వాత పాదం లేచింది.

ఆసుపత్రిలో ఒక రాత్రి చిట్టి అడిగింది. "అమ్మా, గిప్పుడు కూడ పక్క తడిపితే కొడుతవా?"

"కొట్టను బిడ్డా. అప్పుడు కూడ కొట్టకపోవాల్సింది. నాకు తెల్వలేదు."

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. తల్లి దాన్ని తలుపు వెనక అంటించింది. పట్టీ మీద నీళ్ళలాంటి తడి కనిపిస్తే, జ్వరం వస్తే, లేచి కూర్చుంటే తలనొప్పి పెడితే, వాంతులైతే వెంటనే ఆసుపత్రికి రావాలి. డాక్టరు సరే అనేదాకా గెంతకూడదు, పుస్తకాల సంచి మోయకూడదు.

మూత్రం గొట్టం తీసిన తర్వాత చిట్టికి సరిగా రాలేదు. కొంత వచ్చి, కొంత లోపలే నిలిచేది. నిలిచిన మూత్రం చెడుతుంది. వెనక్కి తన్ని కిడ్నీలను పాడు చేస్తుంది. పక్క తడపడం కన్నా పెద్ద ప్రమాదం ఇదే. పైకి కనిపించదు. అందుకని నర్సు తల్లికి ఒక పని నేర్పింది. సబ్బుతో చేతులు కడుక్కుని, సన్నని గొట్టం మెల్లగా పెట్టి మూత్రం తీయాలి. మొదటిసారి తల్లి చేతులు వణికాయి. "నాతోని కాదు" అంది. నాలుగో రోజుకు అయింది. గోడ మీద సుద్దతో రాసుకుంది: 6, 12, 6, 10.

పగలు 12 గంటలది బడిలో. తల్లి చేను నుంచి రావాలి. ఆ కొన్ని నెలలు ఆమె పూర్తి కూలి చేయలేకపోయింది. గుత్తకు పత్తి ఏరేవాళ్ళు ఆమెను పిలవడం మానేశారు. ఈ సంగతి ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ప్రధానోపాధ్యాయురాలు ఆఫీసు గది పక్కన ఒక తలుపు ఉన్న మరుగుదొడ్డి చిట్టికి కేటాయించింది. అది పెద్ద సాయం.

జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు, నీళ్ళు పెంచారు. విరేచనం కుదుటపడింది. ఎడమ అరికాలు స్పర్శ పూర్తిగా రాలేదు. అందుకని ఇంట్లో కూడా చెప్పులు వేస్తుంది. రాత్రి పడుకునే ముందు తల్లి దీపం దగ్గర అరికాలు చూస్తుంది. ముల్లు దిగినా చిట్టికి తెలియదు కాబట్టి.

ఏడాది అయింది. నడుము నొప్పి లేదు. కాలు కొంచెం ఈడుస్తుంది గానీ పడిపోవడం లేదు. వారంలో ఒకటి రెండు రాత్రులు పక్క తడుస్తుంది. గొట్టం ఇప్పుడు తనే పెట్టుకోవడం నేర్చుకుంటోంది.

"అంత కోత కోసినంక కూడ ఇంకా తడుపుతదా?" అని పక్కింటామె అడిగింది.

"తడుపుతది అక్కా" అంది తల్లి, దుప్పటి పిండుతూ. "నీళ్ళకాడికి ఉరికి పోతది కూడ."

ఎత్తు పెరిగే వయసులో తాడు మళ్ళీ అంటుకోవచ్చు. నడక మారినా, నొప్పి తిరిగి వచ్చినా చూపించాలి. ఆరు నెలలకు ఒకసారి ఆసుపత్రికి పోవాలి. తర్వాతి తేదీ తలుపు వెనక కాగితం మీద ఉంది. అది డాక్టరు రాత కాదు. తల్లి రాత.