జంట శిఖరాల ఆరోహణము - సాత్మ్య విచారము

హిమాలయములలో ఒకే యాత్రలో రెండు శిఖరములను ఎక్కించే ఏర్పాట్లు నేడు విరివిగా జరుగుతున్నవి. మార్గదర్శకులు, బరువులు మోసేవారు, వంటవారు, తాళ్లు, గుడారములు, అన్నీ నిర్వాహకులే సమకూర్చి సుమారు మూడు వారములలో యాత్రికుని తీసుకొనిపోయి తిరిగి దించుతారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండక మునుపే ఆనంద్ కుమార్‌తో పాటు ఎవరెస్టు శిఖరమును చేరింది. అది మొదలు నా వద్దకు వచ్చే యువకులలోను ఈ కోరిక కనిపిస్తున్నది. వారందరూ అడిగేది ఒక్కటే: "అయ్యా, పైన తలనొప్పి రాకుండ ఏదైనా చూర్ణం ఇవ్వండి." ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా రోగకారణమును తెలుసుకొనవలెను. ప్రాణవాయువు కంఠము దాటి వెలుపలికి పోయి ఆకాశమందలి అమృతమును త్రాగి మరల లోనికి వచ్చి దేహమును పోషిస్తుందని శార్ఙ్గధరుడు చెప్పినాడు. కొండ ఎక్కిన కొలది గాలిలో ఆ అమృతము పాలు మారదు. ఎక్కడనైనా నూటికి ఇరువదియొక్క పాళ్లే. కాని గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,500 మీటర్ల ఎత్తున అది సముద్రతీరమున ఉన్నదానిలో సగమే. కనుక ఒక్కొక్క ఊపిరికి అందే ఆక్సిజన్ కూడ సగమే. దేహము దీనికి తానే ఉపాయము వెదుకుతుంది. శ్వాస వేగిరమవుతుంది, గుండె త్వరగా కొట్టుకుంటుంది, మూత్రము ఎక్కువగా పోతుంది, కొన్ని వారములకు రక్తకణములు పెరుగుతాయి. ఇందులో ఏ పనీ ఒక్క రాత్రిలో పూర్తి కాదు.

దీనినే మన శాస్త్రము సాత్మ్యము అన్నది. అలవాటైన అహితమును విడుచుటకును, అలవాటు లేని హితమును పట్టుకొనుటకును చరకుడు సూత్రస్థానములో ఒక క్రమము చెప్పినాడు. ఒక్కమారుగా గాక నాల్గవ పాలు చొప్పున, నడుమ ఒకటి, రెండు, మూడు దినముల వ్యవధి ఇస్తూ సాగవలెను. గురుకులములో మేము ఈ పాదాంశిక క్రమమును ఆహార విషయముననే వల్లించినాము. ఆధునిక వైద్యులు పర్వతారోహకులకు చెప్పే నియమమును చూచినప్పుడు నాకు అదే స్ఫురించినది. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఒక దినము పూర్తిగా ఆగవలెను. పగలు ఎంత పైకి పోయినా రాత్రికి దిగి పడుకొనవలెను.

ఇక జంట శిఖరముల సంగతి. నేపాల్ ఖుంబూ లోయలో లోబుచే తూర్పు శిఖరము, ఐలండ్ పీక్ అనబడే ఇమ్జా త్సే, ఈ రెంటినీ కలిపి ఎక్కించడము ప్రసిద్ధము. రెండును 6,100 మీటర్లు దాటినవే. ఒకదానిని మరొకదానికి సాధనగా వాడడము కొత్త కాదు. 1953లో ఎవరెస్టు దండయాత్రకు వచ్చిన బ్రిటిష్ బృందములోని కొందరు టెన్జింగ్‌తో కలిసి సన్నాహముగానే ఇమ్జా త్సేను మొదటిసారి ఎక్కినారు. నేడు ఎవరెస్టుకు పోయే బృందములు అనేకము ముందుగా లోబుచేపై అలవాటు పడి, ప్రమాదకరమైన ఖుంబూ హిమపాతములో తిరిగే సార్లు తగ్గించుకుంటున్నవి. 2014 ఏప్రిల్ 18న ఆ హిమపాతములోనే మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించిన సంగతి పాఠకులలో కొందరికి జ్ఞాపకముండవచ్చు.

మొదటి శిఖరము రెండవదానికి ఔషధము అన్న మాట నిజమే. కాని సగమే నిజము. ఎత్తున గడిపిన కొలది సాత్మ్యము పెరుగుతుంది. బలము మాత్రము తరుగుతుంది. 5,500 మీటర్లకు పైన ఆకలి మందగిస్తుంది, నిద్ర తెగుతుంది, మాంసధాతువు కృశిస్తుంది. శక్తికి మించిన సాహసమును చరకుడు శోషకు మొదటి కారణముగా లెక్కించినాడు. వ్యాయామమును సగము బలముతోనే ఆపవలెనని పెద్దలు చెప్పినది ఇందుకే. శిఖరారోహణ దినమున సగము బలముతో ఆగుట కుదరదు గదా! కనుక ఆ లోటును రెండు శిఖరముల నడుమ తీర్చుకొనవలెను. జంట యాత్రకు ప్రాణమంతా ఆ నడుమ దినములలోనే ఉన్నది.

కిందటి సంవత్సరము ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, నిర్వాహకులిచ్చిన దినచర్య పత్రమును నా ముందుంచినాడు. లుక్లాలో విమానము దిగిన దినము మొదలు నామ్చేలో రెండు రాత్రులు, దింగ్‌బోచేలో రెండు రాత్రులు, అంతవరకు సక్రమముగానే ఉన్నది. లోబుచే శిఖరము దిగిన మరునాడే 5,535 మీటర్ల కొంగ్మా లా కనుమ దాటి ఛుకుంగ్‌కు నడక, ఆ మరునాడే ఇమ్జా త్సే శిబిరము! అదనపు దినము ఒక్కటి లేదు. ఆ పత్రమును చూచి నేను ఆ తండ్రితో ఒకే మాట అన్నాను: "కనుమ వద్దు. దారి దూరమైనా లోయ వెంట దింగ్‌బోచేకు, అంటే 4,410 మీటర్లకు దిగి, రెండు రాత్రులు కడుపునిండ తిని పడుకొని, అప్పుడు ఛుకుంగ్‌కు పొమ్మనండి."

బాలుడు తండ్రి లేచి వెళ్లిన పిదప నెమ్మదిగా అసలు సంగతి చెప్పినాడు. తలనొప్పి ఉన్నదని చెబితే మార్గదర్శకుడు దింపివేస్తాడట. కట్టిన రుసుము పోతుందట. అందుకని తలనొప్పిని పైకి కనబడనీయని మందు కావలెనట. నేను ఇవ్వలేదు. నొప్పి అక్కడ శత్రువు కాదు, వార్తాహరుడు; దాని నోరు మూయించి పైకి పోయేవాడు చీకటిలో మెట్లు ఎక్కేవానివంటివాడు అని చెప్పి పంపినాను. అతడు లోబుచే పై శిబిరములో వాంతి, తలనొప్పి రాగానే దాచక చెప్పినాడు. మార్గదర్శకుడు అతనిని ఫెరిచేకు దించినాడు. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశిబిరము అక్కడ నడుస్తుంది. ఒక శిఖరమూ ఎక్కకుండ తిరిగి వచ్చినాడు. రుసుములో ఒక్క రూపాయి రాలేదు. ఆ కినుక నాపై ఇంకా కొంత ఉన్నట్లున్నది, ఉండనిమ్ము.

ఈ జబ్బుకు చరకములోగాని, సుశ్రుతములోగాని ప్రత్యేక ప్రకరణము నేను చదువలేదు. ఋషులు హిమవత్పర్వత పార్శ్వమున సమావేశమైనట్లు చరకుడు వర్ణించినాడే గాని మంచుశిఖరములకు పోయేవారి రోగములను వివరించలేదు. లేనిదానిని ఉన్నదని చెప్పుట శాస్త్రమునకు అపచారము. కర్పూరము వాసన చూస్తే ముక్కు చల్లబడి ఊపిరి తేలికైనట్లు తోస్తుంది. దాని వలన ఆక్సిజన్ పెరుగదు. కొందరు దానిని మింగుతారు. అది విషతుల్యము, మూర్ఛలు రావచ్చును. షెర్పాల ఇండ్లలో ఇచ్చే వెల్లుల్లి చారు వేడిగా, రుచిగా ఉంటుంది, త్రాగండి. కాని దానిని నమ్మి పైకి పోకండి.

తలనొప్పితో పాటు వికారమో, నిస్త్రాణయో, తల తిరుగుటయో కనిపిస్తే ఆ రాత్రికి పైకి పోరాదు. మడమకు బొటనవ్రేలు తాకిస్తూ సరళరేఖపై నడువలేక తూలినా, మాట తడబడినా అది మెదడు వాపు. కదలక కూర్చున్నా ఆయాసము, దగ్గు, నురుగు కఫము ఉంటే ఊపిరితిత్తులలో నీరు. ఈ రెండు స్థితులలోను తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే తోడుతో క్రిందికి దిగవలెను, వీలైతే ఆక్సిజన్ పెట్టవలెను. ఎన్ని చూర్ణములు, కషాయములు ఉన్నా అవి దిగుటకు ప్రత్యామ్నాయము కావు. అసిటజోలమైడ్ మాత్ర, అనగా డయామాక్స్, దేహము త్వరగా అలవాటు పడుటకు తోడ్పడుతుంది. సల్ఫా మందులు పడనివారు ముందే వైద్యునికి చెప్పవలెను. ఆయుర్వేద వైద్యుడనైనా దానిని వాడవద్దని నేను చెప్పను.

మన వైద్యము ఉపకరించేది బయలుదేరుటకు ముందు, వచ్చిన తరువాత. నాలుగైదు నెలల ముందు నుండి మెట్లు ఎక్కుట, బరువుతో నడచుట అలవాటు చేయవలెను. నుదుట, చంకలలో చెమట పట్టి నోరు ఎండగానే ఆ దినమునకు చాలించి, వారము వారము కొద్దికొద్దిగా పెంచవలెను. కొండలలో చలిగాలికి ముక్కు ఎండి నెత్తురు కారకుండ ఉదయము, రాత్రి వేలికొనతో ఒకటి రెండు చుక్కల నువ్వుల నూనె ముక్కు లోపల రాసుకొనవచ్చును. అగ్ని మందగిస్తే చిటికెడు శొంఠిపొడి వేడినీటిలో కలిపి భోజనమునకు ముందు పుచ్చుకొనవచ్చును. మద్యము, నిద్రమాత్రలు అక్కడ కూడదు; అవి ఊపిరిని మందగింపజేస్తాయి.

రుసుము కట్టేముందు నిర్వాహకులను అడుగవలసినవి కూడ ఉన్నవి. ప్రతి రాత్రి నిద్ర ఎంత ఎత్తున? రెండు శిఖరముల నడుమ ఎన్ని విశ్రాంతి దినములు? వాతావరణము చెడితే వాడుకొనుటకు మిగులు దినములున్నవా? ఆక్సిజన్ సిలిండరు, గాలి నింపి రోగిని లోపల ఉంచే ఒత్తిడి సంచి వెంట ఉంటాయా? యాత్రికుడు వద్దన్నా దింపే అధికారము మార్గదర్శకునికి ఉన్నదా? చివరి ప్రశ్నకు తటపటాయించేవారికి డబ్బు కట్టవద్దు.

తిరిగి వచ్చినవారు మొదటి మూడు దినములు పలుచని గంజి, పెసరకట్టు, తరువాత నెయ్యి వేసిన మెత్తని అన్నము తీసుకొని క్రమముగా మామూలు భోజనమునకు రావలెను. ఆకలి ఒక్కసారిగా విజృంభిస్తుంది, దానికి లొంగి విందులకు పోరాదు. ఒంటికి నువ్వుల నూనె మర్దన చేసి గోరువెచ్చని నీటితో స్నానము చేయవలెను. రెండు వారములు బరువు పనులు వద్దు. అప్పటికీ ఆయాసము, దగ్గు తగ్గకుంటే ఇంటివైద్యము కట్టిపెట్టి ఛాతీ పరీక్ష చేయించుకొనవలెను.