శాకాహారం – ఆరోగ్యం – మన జొన్నరొట్టె

గత సంవత్సరం మన కళాశాల వక్తృత్వపు పోటీలో "శాకాహారమే ఆరోగ్యానికి సోపానం" అనే విషయం మీద మాట్లాడి నేను మొదటి బహుమతి తెచ్చుకున్నాను. కొందరు మిత్రులకు గుర్తుండే ఉంటుంది. సరిగ్గా పది రోజులకు ఎన్.ఎస్.ఎస్. రక్తదాన శిబిరం జరిగింది. అందరికంటే ముందు వెళ్ళి వరుసలో నిలబడ్డాను. వేలికి సూది గుచ్చి చూసినాయన, "నీకు హిమోగ్లోబిన్ 10.4 ఉన్నదమ్మా. 12.5 ఉంటే గాని తీసుకోం. ముందు నువ్వు మంచిగ తిను" అని పంపించేశాడు. నా వెనక నిలబడ్డ మిత్రురాలు, ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగని మనిషి, కిసుక్కున నవ్వింది. ఐదు నిమిషాల తర్వాత ఆమెది 11.2 అని తేలింది. ఇద్దరం కలిసి హాస్టలుకు నడిచి వచ్చేశాం.

నేను ఉపన్యాసంలో చెప్పినవి అబద్ధాలు కావు. అమెరికాలో 73 వేల మందికి పైగా అడ్వెంటిస్టు క్రైస్తవులను కొన్నేళ్ళపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో శాకాహారులలో మరణాలు 12 శాతం తక్కువగా కనిపించాయి. బ్రిటన్‌లో 48 వేల మందిపై జరిగిన పరిశీలన 2019లో వెలువడింది. గుండెజబ్బు శాకాహారులలో 22 శాతం తక్కువ. అయితే అదే పరిశీలనలో పక్షవాతం వారిలోనే 20 శాతం ఎక్కువగా కనబడింది. ఈ రెండో ముక్క నేను వేదిక మీద చెప్పలేదు. బహుమతి కోసం మాట్లాడేవాళ్ళం అన్నీ చెబుతామా!

కాని ఆ దేశాల శాకాహారి పళ్ళెం వేరు, నా పళ్ళెం వేరు. నేను తినేదేమిటి? తెల్లటి అన్నం, నీళ్ళలాంటి పప్పు, ఆలుగడ్డ కూర, మామిడికాయ తొక్కు, చెయ్యి కడుక్కున్న వెంటనే ఒక గ్లాసు చాయ్. మాంసం లేదు కనుక ఇది శాకాహారమే. ఇందులో కూరగాయ ఎంత, ఆకు ఎంత, పప్పుగింజ ఎంత అని నేను ఎన్నడూ చూసుకోలేదు. ఆ మాటకొస్తే నవ్విన మిత్రురాలు కూడా వారంలో ఆరు రోజులు ఇదే తింటుంది. తెలంగాణలో మాంసం ముట్టనివారు నూటికి ఇద్దరు కూడా లేరని 2014 నాటి సర్వే. అయినా ముక్క ఉడికేది ఆదివారమో, పండుగకో. మిగతా రోజుల్లో పేదవాళ్ళందరూ శాకాహారులే. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. అందులో మేమిద్దరం.

సెలవులకు ఇంటికి పోయాను. మాది గద్వాల దగ్గర, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ పల్లె. మా అవ్వ జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి, ఎల్లిపాయ కారం, మజ్జిగ పెట్టింది. తింటూ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు తిరగేశాను. నూరు గ్రాముల తెల్లబియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, జొన్నల్లో దాదాపు 4, సజ్జల్లో 6.4. పీచుపదార్థం బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10. "అవ్వా, నువ్వు పెద్ద డాక్టరువే" అన్నాను.

అవ్వ మురిసిపోలేదు. "ఉత్త జొన్నలు మంచియని ఎవరు చెప్పిన్రు నీకు? కరువొస్తే జొన్నగట్క తప్ప ఇంకోటి లేకుండె బిడ్డా. ఎండల పని జేసేటోళ్ళకు మెడ సుట్టు తోలు నల్లగయ్యి పగులుతుండె. కడుపు పోతుండె. కొందరు మతి లేనోళ్ళ లెక్క మాట్లాడుతుండిరి. దెయ్యం పట్టిందనుకుంటిమి" అన్నది.

అవ్వ చెప్పిన లక్షణాలు పెల్లాగ్రా వ్యాధివి. నయాసిన్ అనే విటమిన్ లోపిస్తే వస్తుంది. మక్కజొన్న తినే దేశాలలో ఇది ప్రసిద్ధం. దక్కనులో జొన్న తినే పేదలకు ఎందుకు వస్తున్నదన్నది చిక్కుప్రశ్న. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన ఆ పోషకాహార సంస్థలోనే డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య దీన్ని పట్టుకున్నారు. జొన్నల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం వల్ల, శరీరం నయాసిన్‌ను తయారు చేసుకునే పని దెబ్బతింటున్నదని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాతివారు కొందరు విభేదించారు, అది వేరే కథ. నాకు పట్టిన విషయం ఒకటే. తప్పు జొన్నది కాదు, జొన్న ఒంటరిగా ఉండటానిది. పక్కన పల్లీల పొడి ఉంటే నయాసిన్ దండిగా దొరుకుతుంది. పప్పు ఉంటే జొన్నలో కొరవడిన లైసిన్ దొరికి మాంసకృత్తులు పూర్తవుతాయి. పల్లీలు కొనలేని ఏడాది జబ్బు వచ్చేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పల్లెల్లో అన్నం పెరిగింది, రొట్టె తగ్గింది. ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. దాని స్థానంలో చక్కెరవ్యాధి గురించి వింటున్నాం.

హాస్టల్లో మా గదిలో ముగ్గురం. వనపర్తి అమ్మాయి పల్లీలు తెస్తుంది, నాగర్‌కర్నూల్ అమ్మాయి సజ్జరొట్టెలు, ఉసిరికాయలు తెస్తుంది. ఉసిరికాయల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆకుకూరల్లోని, గింజల్లోని ఇనుము మన పేగులకు సులువుగా అందదు. గింజలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. విటమిన్ సి ఉంటే ఆ పట్టు సడలుతుంది. ఉసిరి, జామ, నిమ్మ అందుకే. పుల్లగా ఉన్నదల్లా పనికిరాదు సుమా, చింతపండులో విటమిన్ సి నామమాత్రమే. నిమ్మరసం కూడా పొయ్యి దించాకే పిండాలి, మరిగిస్తే పోతుంది. చాయ్ దీనికి పూర్తిగా ఎదురు. భోజనంతోపాటు తాగితే ఇనుమును పోనివ్వదు. గంట ఆగి తాగవచ్చు.

రక్తానికి ఇనుము ఒక్కటే చాలదు. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం కావాలి. పాలకూర ఆకుల నుంచి వేరుచేసి 1941లో దానికి ఆ పేరు పెట్టారు. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకులకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇక బి12 విటమిన్ ఏ ఆకులోనూ, ఏ గింజలోనూ లేదు. మాంసం, గుడ్డు మానినవారు పాలూ పెరుగూ వదలకూడదు. అవీ మానేస్తే మాత్రే గతి.

తిరిగి వచ్చి మెస్ కమిటీకి అర్జీ పెట్టాం. వారానికి రెండు రాత్రులు జొన్నరొట్టె, రోజూ తలా అరచెక్క నిమ్మకాయ, చాయ్ ఐదింటికి. రొట్టెలు చేసేవాళ్ళు లేరని మొదట వాదన వచ్చింది. వంటామె అడ్డుపడి "నేను చేస్త గదా, నన్నెవరన్న అడిగిన్రా?" అన్నది. అంతటితో వాదన ముగిసింది.

మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకుంటే 11.9 వచ్చింది. ఈ మధ్యలో డాక్టరుగారు ఇచ్చిన ఇనుము మాత్రలు కూడా మింగాను. పెరిగింది మాత్రల వల్లనా, రొట్టె వల్లనా అని నా మిత్రురాలు నిలదీసింది. శాస్త్రం చదువుకుంటున్నదాన్ని కనుక విడదీసి చెప్పలేనన్నాను. ఇంకా 0.6 తక్కువ. ఈ ఏటి శిబిరానికి రెండు నెలల గడువున్నది. ఇద్దరం పేర్లు రాయించాం.