పదం వెనక ఉన్న కొలతను పట్టుకోండి

ఖగోళశాస్త్రం చదవాలనుకునే ఇంటర్ విద్యార్థులు చాలామంది ముందు నోటుబుక్కులో పదాలు రాసుకుంటారు. కాంతి సంవత్సరం, పార్సెక్, మాగ్నిట్యూడ్, రెడ్‌షిఫ్ట్... పక్కనే అర్థాలు. మంచిదే. కానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘పార్సెక్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నతో సరిపెట్టరు, ‘ఎలా కొలుస్తారు’ అని కూడా అడుగుతారు. ఈ రంగంలో పదాన్ని నేర్చుకోవడమంటే కొలవడం నేర్చుకోవడమే.

పార్సెక్‌నే చూద్దాం. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టండి. ఓసారి ఎడమ కన్ను, ఓసారి కుడి కన్ను మూయండి. వెనక గోడతో పోలిస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. వేలిని దగ్గరకు తెస్తే ఇంకా ఎక్కువ జరుగుతుంది. ఇదే పారలాక్స్. నక్షత్రాల దగ్గరకొచ్చేసరికి రెండు కళ్ల స్థానంలో భూకక్ష్యలో ఆర్నెల్ల తేడాతో రెండు చోట్లు ఉంటాయి. వాటి మధ్య దూరంలో సగం, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, ఒక ఖగోళ ప్రమాణం. నక్షత్రం జరిగిన కోణంలో సగం ఒక ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు ఉంటే, దాని దూరం ఒక పార్సెక్. అది 3.26 కాంతి సంవత్సరాలతో సమానం. సూర్యుణ్ణి మినహాయిస్తే మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారికి కూడా ఈ కోణం 0.77 ఆర్క్‌సెకన్లే. ఒకటిని 0.77తో భాగించండి. సుమారు 1.3 పార్సెక్‌లు, అంటే 4.24 కాంతి సంవత్సరాలు. ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసినవాళ్లు పార్సెక్‌ను మళ్లీ బట్టీ పట్టనక్కర్లేదు.

వర్ణపట రేఖ ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే రెడ్‌షిఫ్ట్ కూడా అంతే. హైడ్రోజన్ ఎర్ర రేఖ ప్రయోగశాలలో 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక గెలాక్సీ వర్ణపటంలో అదే రేఖ 722 దగ్గర కనిపిస్తే, తేడా 66ను 656తో భాగించాలి. రెడ్‌షిఫ్ట్ 0.1. నక్షత్రం వెలుగును చెప్పే మాగ్నిట్యూడ్‌లో ఇంత గుర్తుంచుకుంటే చాలు: అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ, 5 తేడా ఉంటే వెలుగులో తేడా 100 రెట్లు.

హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ వాతావరణంలో పెరిగిన ఖగోళశాస్త్రవేత్త వైను బాపు పేరు తెచ్చుకున్నదీ ఇలాంటి కొలతతోనే. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం రేఖ వెడల్పును బట్టి వాటి అసలు ప్రకాశాన్ని అంచనా వేయవచ్చని ఆయన, ఓలిన్ విల్సన్ కలిసి చూపించారు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఇక ఈ రంగంలోకి వెళ్లే దారులు. ఎంపీసీ తర్వాత తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చేరాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. తిరుపతితో సహా ఐసర్ సైన్స్ విద్యాసంస్థలకు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంది. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్లకు ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగం దగ్గరి దారి. పీహెచ్‌డీకి జెస్ట్ ప్రవేశ పరీక్ష రాసి పుణె ఐయూకా, బెంగళూరు ఐఐఏ వంటి ఖగోళ పరిశోధన సంస్థలకు ప్రయత్నించవచ్చు. పరిశోధక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ మాట ముందే తెలియాలి. అందుకే పైథాన్, స్టాటిస్టిక్స్ డిగ్రీలోనే గట్టిగా నేర్చుకోమంటాను. రంగం మారాల్సి వచ్చినా అవి అక్కరకొస్తాయి. సాధనకు డేటా కొనక్కర్లేదు: 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం పరిశీలనలను ఇస్రో ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతోంది.