తేలికయైన స్టీరింగు

పూర్వపు కారులలో స్టీరింగు చక్రమును త్రిప్పుటకు భుజబలము కావలసియుండెను. 1926లో అమెరికావాసియగు ఫ్రాన్సిస్ డేవిస్ నూనె ఒత్తిడిచే ఆ శ్రమను తగ్గించి చూపెను. 1951లో క్రైస్లరు కంపెనీవారు దానిని తమ కారునందమర్చి విక్రయించిరి. నేటి చిన్న కారులలో నూనెకు మారుగా విద్యుత్తుతో నడచు మోటారు గలదు. చేతి ఒత్తిడిని ఒక సాధనము కొలువగా, ఈ మోటారు తోడ్పడును. బండి మెల్లగా పోవునపుడు ఈ సాయము హెచ్చుగను, వేగమున తక్కువగను ఉండును. అయినను పాతబండికి అలవడిన చేతికి రహదారిపై చక్రము మిక్కిలి తేలికగా తోచును.

ఇందలి అపాయమును లెక్కించి చూడుడు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 25 మీటర్లు పోవును. దాని ముఖము ఒక్క డిగ్రీ తప్పెనేని, ఆ సెకనులోనే సుమారు 44 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును.

విజయవాడనుండి ఏలూరునకు పోవుచు, నేనొక లారీని దాటబోయి పూర్వాభ్యాసముచే చక్రమును బలముగా త్రిప్పితిని. బండి నడిమిగట్టు వైపునకు ఉరికెను. వెనుక కూర్చున్న మా యమ్మ “మెల్లగా నాయనా!” అని కేకవేసెను. దైవవశమున కీడు తప్పినది.

నాటినుండి నేనిట్లు చేయుచున్నాను: చక్రమును బిగింపక రెండుచేతులతో పట్టుదును, చూపును దూరమున నిలుపుదును, ఏలయన దగ్గర చూచువాడు మాటిమాటికి సవరింపబోవును, దారి మార్చునపుడు చేతిని కొద్దిగా మాత్రమే కదల్తును. క్రొత్తబండిని మొదట జనసమ్మర్దములేని బాటలో మెల్లగా నడిపి చేతికి నేర్పవలెను. బండి తనంత ఒకవైపునకు లాగెనేని, టైరుల గాలిని, చక్రముల అమరికను చూపించుకొనవలెను.

తేలికయైన పనికే హెచ్చు జాగరూకత కావలెనని నేర్చుకొంటిని.