కృష్ణా పరీవాహక ప్రాంతంలో దీర్ఘకాలిక వాన, ప్రవాహ ధోరణులు: విశ్లేషణలో పాటించవలసిన క్రమం

నదిలో నీరు తగ్గుతున్నదని చెప్పడం సులభం. ఎందుకు తగ్గుతున్నదో నిర్ధారించడం కష్టం. వాన తగ్గినందువల్లనా, ఎగువన వాడకం పెరిగినందువల్లనా అన్న ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి రైతుకు ఇచ్చే సలహా మారుతుంది. మొదటిది కారణమైతే పంటల ఎంపికను ప్రాంతమంతటా పునఃపరిశీలించాలి. రెండవదైతే నీటి విడుదల కాలాన్ని, పంపిణీని ముందుగా చూడాలి. విస్తరణ శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగేందుకు కృష్ణా నదిని ఉదాహరణగా తీసుకుని విశ్లేషణ క్రమాన్ని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

పరీవాహక ప్రాంత స్వరూపం

పడమటి కనుమలలోని మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణ సుమారు 1,400 కి.మీ. ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంత విస్తీర్ణం 2,58,948 చదరపు కి.మీ. ఇందులో కర్ణాటక వాటా 1,13,271, మహారాష్ట్ర వాటా 69,425 చదరపు కి.మీ. మిగిలిన 76,252 చదరపు కి.మీ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నది. కనుమల శిఖర ప్రాంతంలో ఏటా 2,000 మి.మీ.కు మించి వాన కురుస్తుండగా, వానచాటు మైదానాలలో అది 500–600 మి.మీ.కే పరిమితం. అందువల్ల పరీవాహక ప్రాంతం మొత్తానికి ఒకే సగటు తీసుకుంటే నదికి నీరిచ్చే ప్రాంతం, నీరు వాడుకునే ప్రాంతం కలిసిపోతాయి. విశ్లేషణలో మొదటి పని కనుమలను, మధ్య పీఠభూమిని, డెల్టాను వేర్వేరు మండలాలుగా విడదీయడం. భారత వాతావరణ విభాగం 1901 నుంచి 0.25 డిగ్రీల గడులలో రూపొందించిన వర్షపాత సమాచారం ఇందుకు ఉపకరిస్తుంది.

కొలిచిన ప్రవాహం వేరు, సహజ ప్రవాహం వేరు

1901–1960 మధ్య కృష్ణ నుంచి సముద్రంలోకి ఏటా సగటున సుమారు 57 శతకోటి ఘనపు మీటర్ల నీరు, అంటే దాదాపు 2,000 టీఎంసీలు చేరేవి. 2001–2004 నాటి వరుస కరవు సంవత్సరాలలో అది దాదాపు శూన్యానికి పడిపోయింది. ఈ రెండు అంకెలను మాత్రమే చూసినవారు వర్షాలు ఘోరంగా తగ్గాయని భావిస్తారు. కానీ పరీవాహక ప్రాంత వర్షపాతంలో ఈ స్థాయి పతనం లేదు. ఈ మధ్య కాలంలో పెరిగినవి జలాశయాలు, కాలువలు, బావులు. 1967లో పూర్తయిన నాగార్జునసాగర్ మొదలుకొని శ్రీశైలం, ఆలమట్టి వరకు నిర్మించిన జలాశయాల నిల్వ సామర్థ్యం నది వార్షిక దిగుబడికి చేరువైంది.

కాబట్టి వాతావరణ ప్రభావాన్ని తెలుసుకోవాలంటే కొలిచిన ప్రవాహం నుంచి సహజ ప్రవాహాన్ని తిరిగి కట్టాలి. కొలిచిన ప్రవాహానికి ఎగువ వాడకం, జలాశయ నిల్వలో పెరుగుదల, ఆవిరి నష్టం, ఇతర పరీవాహక ప్రాంతాలకు మళ్లించిన నీరు కలపాలి. దాని నుంచి పొలాల మీదుగా తిరిగి నదిలోకి వచ్చిన నీటిని, బయటి నదుల నుంచి చేరిన నీటిని తీసివేయాలి. కోయన నుంచి విద్యుదుత్పత్తి కోసం పడమటికి, శ్రీశైలం నుంచి పెన్నా పరీవాహక ప్రాంతానికి వెళ్లే నీరు కలపవలసిన కోవలోనివి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుంచి ప్రకాశం బ్యారేజీ ఎగువన కలుస్తున్న గోదావరి నీరు తీసివేయవలసిన కోవలోనిది. ఈ సవరణ చేయకుండా విజయవాడ వద్ద ఇటీవలి ప్రవాహ సమాచారాన్ని పరీక్షిస్తే గోదావరి నీరే కృష్ణా వాతావరణంలో మెరుగుదలగా కనిపించే ప్రమాదం ఉన్నది.

ఎంచుకున్న సంవత్సరాల ప్రభావం

బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 వరకు 78 సంవత్సరాల వరుసను తీసుకుని 75 శాతం లభ్యత వద్ద 2,060 టీఎంసీలు లభిస్తాయని నిర్ణయించింది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961–62 నుంచి 2007–08 వరకు 47 సంవత్సరాల వరుసను తీసుకున్నది. దాని ప్రకారం 75 శాతం లభ్యత 2,173, 65 శాతం లభ్యత 2,293, సగటు 2,578 టీఎంసీలు. సముద్రానికి చేరే నీరు తగ్గిన కాలంలోనే లెక్కించిన దిగుబడి పెరిగింది. ఇందులో వైరుధ్యం లేదు. మొదటిది వాడకం తరువాత మిగిలిన నీరు, రెండవది వాడకాన్ని కలిపి కట్టిన దిగుబడి. అయితే ఈ పెరుగుదలను వాన పెరిగిందనడానికి రుజువుగా తీసుకోరాదు. వరుసల నిడివి, వాడకాన్ని అంచనా వేసిన తీరు వేర్వేరు.

వైబుల్ సూత్రం ప్రకారం 47 సంవత్సరాల ప్రవాహాలను అవరోహణ క్రమంలో అమర్చినప్పుడు 36వ స్థానంలోని విలువ 75 శాతం లభ్యత అవుతుంది. 65 శాతం లభ్యత దాదాపు 31వ స్థానంలో ఉంటుంది. అంటే ఐదు స్థానాల తేడాకు 120 టీఎంసీలు. వరి పొలానికి 1,200 మి.మీ. నీరు అవసరమనుకుంటే, కాలువల నష్టాలు లెక్కించకుండానే, ఇది సుమారు 2.8 లక్షల హెక్టార్లకు సమానం. వరుసకు కొన్ని తడి సంవత్సరాలు చేరినా, కొన్ని కరవు సంవత్సరాలు జారినా ఇంత విస్తీర్ణం కాగితం మీద అటూ ఇటూ అవుతుంది. అందుచేత ప్రారంభ సంవత్సరాన్ని మార్చి మార్చి లెక్కించి, ఫలితం నిలుస్తున్నదో లేదో వ్యాసంలో తప్పక చూపాలి.

ధోరణి పరీక్షలలో జాగ్రత్తలు

మాన్–కెండాల్ పరీక్ష ప్రతి సంవత్సరపు విలువను తరువాతి ప్రతి సంవత్సరపు విలువతో పోలుస్తుంది. 47 సంవత్సరాలకు ఇటువంటి జతలు 1,081. పెరిగిన జతలు, తగ్గిన జతల మధ్య తేడాయే ధోరణికి ఆధారం. మార్పు పరిమాణాన్ని సేన్ వాలు చెబుతుంది. ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

మొదటిది, ఒక ఏటి నిల్వ మరుసటి ఏటికి సాగడం వల్ల వరుస సంవత్సరాల ప్రవాహాలు పరస్పరం ముడిపడి ఉంటాయి. ఈ స్వీయ సహసంబంధాన్ని సవరించకపోతే లేని ధోరణి ఉన్నట్లు తేలుతుంది. రెండవది, ఆనకట్ట పూర్తయిన ఏట ప్రవాహం ఒక్కసారిగా పడిపోతుంది. దానికి వాలు గీత గీయడం తప్పు. పెటిట్ పరీక్షతో మార్పు జరిగిన సంవత్సరాన్ని గుర్తించి, ముందు వెనుక కాలాలను విడిగా చూడాలి. మూడవది, 40 కేంద్రాలను 5 శాతం స్థాయిలో పరీక్షిస్తే ఏ ధోరణీ లేకున్నా రెండు కేంద్రాలలో యాదృచ్ఛికంగా ధోరణి కనిపించవచ్చు. ఆ రెండింటినే నివేదించి మిగిలిన 38 కేంద్రాలను విస్మరించడం శాస్త్రీయం కాదు.

వార్షిక మొత్తం చాలదు

2009లో దేశవ్యాప్త నైరుతి రుతుపవన వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తక్కువ. అదే ఏడు అక్టోబరు తొలి రోజులలో తుంగభద్ర, కృష్ణలకు వచ్చిన వరదకు కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం చేరింది. వార్షిక మొత్తం చూసినవారికి కరవూ కనిపించదు, వరదా కనిపించదు. రుతుపవనాల ఆగమనం, జూలైలో వరుస పొడి రోజులు, గరిష్ఠ ఒకరోజు వాన, జలాశయాలకు తొలి వరద చేరిన తేదీ అనే నాలుగు సూచికలను వార్షిక మొత్తంతో పాటు పరిశీలించాలి.

డెల్టా వ్యవసాయానికి అన్వయం

పై సూచికలలో రైతుకు అత్యంత విలువైనది తొలి వరద తేదీ. సుమారు 150 రోజుల సాంబ మసూరి (బీపీటీ 5204) నారు జూలై మధ్యలో పోస్తే పంట డిసెంబరు రెండవ వారంలో కోతకు వస్తుంది. మాగాణి మినుము సకాలంలో పడుతుంది. కాలువ నీరు నెల ఆలస్యమైతే వరి కోత జనవరి మధ్యకు జరుగుతుంది. అప్పుడు చల్లిన మినుము పూత, కాయ దశలలో తేమ కొరతకు, ఎండకు గురవుతుంది. ఆ ఏటి మొత్తం నీరు సాధారణమే కావచ్చు. రైతు మాత్రం రెండవ పంటను నష్టపోతాడు.

కనుక విస్తరణ శాస్త్రవేత్త తన మండలానికి గత 30 సంవత్సరాల కాలువ విడుదల తేదీల పట్టికను సిద్ధం చేసుకోవాలి. ప్రతి నాలుగు సంవత్సరాలలో మూడింటిలో నీరు ఏ తేదీలోగా అందిందో గుర్తించాలి. ఆ తేదీ దాటితే సుమారు 120 రోజుల ఎంటీయూ 1010 వంటి రకాలను, నారుమడి అవసరం లేని వెదజల్లే పద్ధతిని సూచించవచ్చు.

ముగింపు

నది ప్రవాహ సమాచారంలో వాన ఎంత ఉందో మనిషి నిర్ణయాలు అంతే ఉన్నాయి. రెండింటినీ విడదీయకుండా వాతావరణ మార్పును కారణంగా చూపితే నీటి పంపిణీలోని లోపాలు మరుగున పడతాయి. అంతా ఎగువ వాడకమేనంటే నిజంగా మారుతున్న వాన తీరుకు సిద్ధం కాలేము. సహజ ప్రవాహాన్ని కట్టి, ప్రారంభ సంవత్సరాన్ని మార్చి చూసి, తేదీలను లెక్కించిన తరువాతనే రైతుకు సలహా ఇవ్వడం మన బాధ్యత.