మొలలేనని మిన్నకుండవద్దు

చౌడేపల్లె, పుంగనూరు పల్లెల వారు ఆసనమార్గపు బాధతో నా వద్దకు వచ్చునపుడు వ్యాధి పేరు కూడా తామే నిర్ణయించుకొని వస్తారు. “మొలలు సామీ, ఏదన్నా మందియ్యండి” అంటారు. అధికభాగం అవి మొలలే. ఆయుర్వేదం అర్శస్సునకు మజ్జిగను మేలైన పథ్యముగా చెప్పినది. కందకు ‘అర్శోఘ్న’మనే పేరే ఉన్నది. మలబద్ధకం లేకుండ చూచుకొని, గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చున్నచో చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

కాని గుదద్వార క్యాన్సర్ కూడ ఇవే లక్షణములతో ప్రారంభమవుతుంది. రక్తం పడుట, దురద, నొప్పి, చిన్న గడ్డ, జిగురు స్రావం, మలం సన్నబడుట. గజ్జలలో బిళ్ళ కట్టుట కూడ ఒక గుర్తు. మొలలు ముదిరి క్యాన్సర్‌గా మారవు. ఆ భయం అక్కరలేదు. మొలలని పొరబడి నెలల తరబడి లేపనములు పూయుటలోనే ప్రమాదమున్నది. గోడలమీది “మూలశంక శాశ్వత నివారణ” ప్రకటనలను నమ్మి కాలం గడుపువారిని చూచినప్పుడు నాకు మనస్సు కలత చెందుతుంది.

ఇది అరుదైన వ్యాధి. పది కేసులలో సుమారు తొమ్మిదింటికి హ్యూమన్ పాపిలోమా వైరస్, ముఖ్యముగా దాని 16వ రకం, కారణము. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైనదీ ఈ వైరసే. ఆ సంబంధమును కనుగొన్న హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది. ఇది చర్మస్పర్శ వలన, ముఖ్యముగా లైంగిక సంపర్కము వలన సోకుతుంది. సోకిన వారిలో అత్యధికులకు దానంతటదే తొలగిపోతుంది గనుక రోగిని శీలపరీక్షకు గురిచేయుట అన్యాయము. పొగత్రాగువారికి, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, అవయవమార్పిడి తరువాత రోగనిరోధకశక్తిని తగ్గించు మందులు వాడువారికి ముప్పు ఎక్కువ.

రెండు వారములు దాటినను రక్తం ఆగనిచో సిగ్గు విడిచి సర్జనుకు చూపించుకొనవలెను. వ్రేలితో చేయు పరీక్షకు ఒక్క నిమిషం చాలును. అనుమానమున్నచో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఈ ప్రాంతము వారికి తిరుపతి స్విమ్స్, వేలూరు సి.ఎం.సి., బెంగుళూరు కిద్వాయ్ ఆసుపత్రులు అందుబాటులో ఉన్నవి. పూర్వము గుదమును తొలగించి, పొట్టమీద మలద్వారమును శాశ్వతముగా అమర్చెడివారు. 1974లో అమెరికా సర్జన్ నార్మన్ నైగ్రో మందులు, రేడియేషన్ కలిపి వాడి చూపిన తరువాత, ఇప్పుడు అధికుల విషయంలో ఆ శస్త్రచికిత్స అవసరమగుట లేదు. ఈ వ్యాధిని నయము చేయు కషాయము గాని, చూర్ణము గాని నా ఎరుకలో లేదు. చికిత్సా కాలమున నీరసం తగ్గుటకు పలుచని రాగిజావ ఇవ్వవచ్చును; మూలికలేవైనను అక్కడి వైద్యులకు చెప్పిన పిదపనే ఇవ్వవలెను.

నివారణకు టీకా ఉన్నది. మన దేశములో తయారైన సెర్వావాక్ 2023లో విడుదలైనది. 9 నుండి 14 ఏండ్లలోపు బాలికలకు, బాలురకు రెండు మోతాదులు చాలును.