గేదెను బందెలదొడ్డికి తోలితే ఏం చేయాలి?

రుణం మీద పాడి గేదె తీసుకున్నారు. తలుగు తెంచుకుని పక్కవాళ్ళ మిరప చేలో పడింది. ఆ రైతు దాన్ని పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం, పైరు పాడుచేస్తున్న పశువును పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపాలి. తన ఇంట్లో కట్టేసుకుని డబ్బు అడగకూడదు. కొట్టడం అసలే కుదరదు.

కబురు అందగానే వెళ్ళండి. జుర్మానా, మేత ఖర్చు కట్టి రసీదు అడిగి తీసుకోండి. గేదె మీదేనని చూపడానికి చెవిపోగు మీది 12 అంకెల నంబరు పనికొస్తుంది. పోగు ఊడిపోతే చాలామంది పట్టించుకోరు. పశువైద్యశాలలో మళ్ళీ వేయించుకోండి.

7 రోజుల్లో ఎవరూ రాకపోతే సంగతి పోలీస్ స్టేషన్‌కు వెళుతుంది, నోటీసు వేస్తారు. నోటీసు తేదీ నుంచి ఇంకో 7 రోజులు చూసి వేలం వేస్తారు. గేదె పోయినా బ్యాంకు వాయిదాలు ఆగవు మరి!

అన్యాయంగా పట్టుకున్నారనుకుంటే దొడ్డి మీదికి జనాన్ని తీసుకెళ్ళకండి. పట్టుకున్న రోజు నుంచి 10 రోజుల్లోగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు.

జుర్మానా కట్టినా పైరు నష్టం తీరినట్టు కాదు, రైతు కోర్టులో పరిహారం అడగవచ్చు. పల్నాట మిరపకు పెట్టుబడి ఎంతో మీకు తెలిసిందే. పెద్దమనుషుల ముందు మాట్లాడుకుని కాగితం రాసుకోండి. నరసరావుపేట, మాచర్ల పట్టణాల వారు మున్సిపల్ ఆఫీసులో అడగాలి.